ఎర్రమూతి బండికి కొత్త ఎయిర్ ఫిల్టర్

ఇరవై ఎనిమిదేళ్లు లారీలతో కుస్తీ పట్టాను. అన్నేళ్లలో నా చేతులారా పాడుచేసిన ఇంజను ఒక్కటే ఒక్కటి. బాగుచేసిన ఇంజన్ల కథలు చెప్పమంటే బోలెడున్నాయి. అయితే వాటన్నిటిలోనూ చివరికి తెలివైనవాణ్ణి నేనే అవుతాను కాబట్టి, రెండో కథకే వినేవాళ్లకు ఆవులింతలు మొదలవుతాయి. అందుకని కొత్తగా పనిలో చేరే మెకానిక్ తమ్ముళ్లు ఎవరైనా అడిగితే ఈ పాడుచేసిన ఇంజను సంగతే చెబుతుంటాను. ఇందులో తెలివైనవాడు వేరే ఉన్నాడు.

తొంభైల నడుమ మాట. పటాన్‌చెరు దాటి బొంబాయి రోడ్డు మీద సంగారెడ్డి వైపు వచ్చేటప్పుడు ఒక మట్టిబాట లోపలికి చీలేది. దాని వెంట కొంత దూరం పోతే మా కంకర క్రషర్. బండను పేల్చి, రాళ్లు తెచ్చి, మిషన్‌లో వేసి కంకర కొట్టడం అక్కడి పని. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు లేస్తున్న కాలం, ఎంత కంకరైనా చాలేది కాదు. ఆరు టిప్పర్ లారీలు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా క్వారీ గుంతలోకి దిగడం, రాళ్లు నింపుకోవడం, పైకెక్కడం, మళ్లీ దిగడం. ఆ ఆరు బండ్ల ఆరోగ్యం నా పూచీ. సంగారెడ్డిలో ఐటీఐ చదివి, ఒక ఫ్యాక్టరీ వర్క్‌షాపులో నాలుగేళ్లు చేసి, ఇక్కడికి ఫోర్మన్‌గా వచ్చాను. ముప్పై ఏళ్లు దాటలేదు. పాంటు జేబులో టెస్టర్, చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగేవాణ్ణి. రెండో పెన్ను ఎందుకో నాకే తెలియదు.

క్రషర్ దగ్గర దుమ్ము ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కరలేదు. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తే పదకొండింటికల్లా అందరం ఒకే రంగులోకి వచ్చేవాళ్లం. సేటు ఎవరో, కూలీ ఎవరో, దగ్గినప్పుడు గొంతును బట్టి గుర్తుపట్టాల్సిందే. ఆ దుమ్మే లారీలు కూడా పీల్చేవి. అప్పటి బండ్లకు గాలి వడకట్టడానికి బానెట్ కింద ఒక నూనె గిన్నె ఉండేది. గాలి వచ్చి నూనెకు తగిలి, దుమ్మును అక్కడ వదిలేసి, తీగల జల్లెడ గుండా ఇంజనులోకి పోవాలి. రోడ్డు మీద తిరిగే లారీకి అది చాలు. మా దగ్గర మధ్యాహ్నానికల్లా ఆ నూనె అంబలిలా చిక్కబడేది. రోజూ కడగాలి, నూనె మార్చాలి. రోజూ ఎవరు కడుగుతారు? భోజనాల తర్వాత ఆరు బండ్లూ నల్లటి పొగ కక్కుతూ, ఆయాసపడుతూ, ఫస్ట్ గేరులో గుంత ఎక్కేవి.

మా సేటు ఆ బండ ఉన్న భూమికి తరతరాల ఆసామి. పొట్టి మనిషి, గొంతు మాత్రం చాలా పొడుగు. లారీలు తూచే కాటా పక్కన రేకుల నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, గుంత ఎక్కే ప్రతి బండినీ చూసి బాధపడేవాడు.

"పక్క క్రషర్ బండ్లు ఉరుకుతున్నయ్. మనయి సూడు, గర్భిణి ఆడోళ్లు నడిచినట్టు నడుస్తున్నయ్. ఏమన్న చెయ్యవయ్యా ఫోర్మన్!" అనేవాడు.

ఆ 'ఏమన్న' ఏమిటో నాకు చూపించినవాడు మా కంప్రెషర్ ఆపరేటర్. బిహార్ నుంచి వచ్చిన మనిషి, బండలో రంధ్రాలు వేసే కంప్రెషర్ మిషన్ నడిపేవాడు. దుమ్ములో మాకంటే లోతుగా ఉండేది అతనే, అయినా అతని ఇంజను ఒక్కనాడూ దగ్గలేదు. ఒకరోజు దాని పక్కనున్న పెద్ద డబ్బా మూత విప్పి, లోపలి నుంచి మడతలు మడతలుగా ఉన్న కాగితపు గుండ్రం ఒకటి బయటికి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇస్మే తేల్ వేల్ కుచ్ నహీ సాబ్. కాగజ్ హై. ధూల్ ఇధర్ హీ రుక్ జాతా" అన్నాడు. నూనె లేదు, ఉత్త కాగితమే, దుమ్ము ఇక్కడే ఆగిపోతుందని.

మడతలన్నీ విప్పి పరిస్తే ఒక చాపంత అవుతుంది ఆ కాగితం. అంత వెడల్పున గాలి పోతుంది, దుమ్ము మాత్రం పోదు. దాన్ని చేతిలో పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను. మా బండ్లకు ఇదే పెద్ద సైజులో పెడితే? అదీ నేల దగ్గర కాకుండా, క్యాబిన్ వెనక, మనిషెత్తు కంటే పైన పెడితే? పైన దుమ్ము తక్కువ. ఇంజనుకు కడుపునిండా గాలి. గాలి బాగా అందితే డీజిల్ పూర్తిగా మండుతుంది, పొగ తగ్గుతుంది, లాగుడు పెరుగుతుంది.

ఆ సాయంత్రమే సేటుకు చెప్పాను.

"లాగుడు పెరుగుతదా?" అన్నాడు.

"పెరుగుతది సేటూ."

"ఎంత?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. "గుంతల నుంచి సెకండ్ గేర్ల వస్తది. సోమవారం సూపిస్త" అన్నాను. ఆ రోజు బుధవారం.

ముందు ఒక్క బండికి పెట్టి చూద్దామనుకున్నాం. ఎర్రమూతి బండిని ఎంచుకున్నాను. బానెట్‌కు ఎర్ర రంగు ఉండటం వల్ల దానికి ఆ పేరు. అది నడిపే డ్రైవర్ మా అందరిలోకీ పెద్దవాడు, నాకంటే పదేళ్లు పైన. జోగిపేట దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి ఒకరి పొలాల్లో కూలికి పోయి, పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు లేచినప్పుడు పెళ్లాంతో సహా ఇటు వచ్చాడు. లారీలు కడిగాడు, క్లీనర్‌గా తిరిగాడు, స్టీరింగు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. వచ్చాక మాత్రం ఆ సీటును ఎవరికీ ఇవ్వలేదు. పండుగకు ఊరికి పోయినా తాళంచెవి మొలతాడుకు కట్టుకుని పోయేవాడు. మాట తక్కువ. ఏం చెప్పినా, కొంచెం అన్నట్టు, 'జెర' అని మొదలుపెట్టేవాడు. నేను 'అన్నా' అంటే ఆయన నన్ను 'సాబ్' అనేవాడు.

కాగితం ఫిల్టరును చూసి ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"జెర ఒక మాట సాబ్. కాగితం గదా, వానొస్తె?"

"వాన నీళ్లు పోకుండ పైన టోపీ ఉంటది అన్నా."

"నాకు పెడ్తలేరు గదా టోపీ?" అన్నాడు, నవ్వకుండా.

లారీ విడిభాగాలు అమ్మే రాణిగంజ్ పోయి, దుకాణాలన్నీ తిరిగి, పెద్ద డబ్బా, అందులో పట్టే ఫిల్టరు తెచ్చాను. ఆదివారం క్రషర్‌కు సెలవు. ఇద్దరం కూర్చుని క్యాబిన్ వెనక ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, డబ్బా నిలబెట్టి, అక్కడి నుంచి ఇంజను దాకా ఇనుప గొట్టం దించాం. అంతా కుదిరింది, ఒక్కచోట తప్ప. నా గొట్టం లావు, ఇంజను మూతి సన్నం. రెండింటినీ కలపడానికి ఒక పక్క లావు, ఒక పక్క సన్నం ఉండే రబ్బరు వంపు దొరుకుతుంది. రాణిగంజ్‌లో అది లేదు, వారం తర్వాత రమ్మన్నారు. నా సోమవారం రేపే. పాత లారీ ట్యూబు ముక్క కోసి, రెండు చుట్లు చుట్టి, పైన క్లిప్పు వేసి బిగించాను. లాగి చూశాను, గట్టిగానే ఉంది. రబ్బరు వంపు దొరికేదాకా తాత్కాలికంగా అనుకున్నాను. వర్క్‌షాపులో 'తాత్కాలికం' అనే మాటకు ఎంత ఆయుష్షు ఉంటుందో మీలో పనిచేసినవాళ్లకు తెలుసు.

సోమవారం పొద్దున మొదటి లోడు. గుంత పైన సేటు, నేను, కాటా గుమస్తా, మిగతా డ్రైవర్లు వరసగా నిలబడ్డాం. కింద బండి కదిలింది. మొదటి మలుపు దగ్గర అన్ని బండ్లూ ఫస్ట్ గేరులోకి పడతాయి. ఎర్రమూతి పడలేదు. అదే ఊపులో, పొగ సన్నటి తోకలా వదులుతూ, సెకండులోనే పైదాకా వచ్చేసింది. డ్రైవర్లు ఈలలు వేశారు. సేటు పంచె ఎగ్గట్టి బండికి ఎదురు నడిచాడు. ఆ రోజు క్రషర్ మొత్తానికీ మిర్చి బజ్జీలు, చాయ్. నాకు రెండు చాయ్‌లు.

"ఆరు బండ్లకూ పెట్టు. జల్దీ!" అన్నాడు సేటు.

మరో రెండు బండ్లకు పెట్టేశాను. రబ్బరు వంపు కోసం మళ్లీ పోలేదు. ట్యూబు ముక్క బాగానే పనిచేస్తున్నప్పుడు పోవడం ఎందుకు? ఈ ఫిల్టరు విషయంలో నాకున్న భయం ఒక్కటే. డ్రైవర్లకు ఏదైనా దుమ్ము పడితే టైరుకేసి కొట్టి దులపడం అలవాటు. కాగితం మడతకు సూది మొనంత చిల్లు పడ్డా దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది. కాబట్టి ఫిల్టర్లు నేనే విప్పి, లోపలి నుంచి మెల్లగా గాలి కొట్టి శుభ్రం చేస్తానని చెప్పాను. డబ్బా మీద తెల్ల పెయింటుతో 'కొట్టరాదు' అని రాశాను. అయినా మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం పెద్ద డ్రైవర్ ఫిల్టరు తీసి టైరుకేసి ఒక్కటి వేస్తూ నా కంటపడ్డాడు. వయసులో పెద్దవాడని కూడా చూడకుండా అరిచాను.

"మర్సిపోయిన సాబ్. ఇగ కొట్ట" అన్నాడు.

ఇంకో వారానికి తనే నా దగ్గరికి వచ్చాడు. "జెర ఎక్కుడు కాడ కూస్తున్నది సాబ్. సన్నగ. ముక్కు మూసుకపోయిన పిలగాడు నిద్రల గాలి పీల్సినట్టు."

"కొత్త ఫిల్టర్ అన్నా. గాలి ఎక్కువ గుంజుతది. గట్లనే కూస్తది" అన్నాను.

"గట్లనా?" అన్నాడు. ఒక్క నిమిషం నిలబడ్డాడు. వెళ్లిపోయాడు.

ఆ ఒక్క నిమిషం ఇప్పటికీ నాకు గుర్తొస్తూ ఉంటుంది. ఆయన నిలబడింది నేను లేచి వస్తానేమోనని. నేను జాబితా ఏదో రాసుకుంటున్నాను, రెండు పెన్నుల్లో ఒకదానితో.

నెలన్నర గడిచింది. ఎర్రమూతికి నీలం పొగ మొదలైంది. రోజూ ఇంజన్ ఆయిల్ తగ్గుతోంది. లాగుడు పాతకాలం కంటే అన్యాయం. ఇంజను హెడ్ విప్పి చూశాను. పిస్టన్లు ఆడే లైనర్ల లోపలి గోడలు ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టు గీతలు గీతలు. ఒక పిస్టన్ లాగి తీస్తే రింగులు అరిగిపోయి చేతికి వచ్చాయి. ఇది దుమ్ము పని. నెలన్నరలో ఇంజను ముసలిదైపోయింది.

షెడ్డులో డ్రైవర్లందరూ చుట్టూ చేరారు. సేటూ వచ్చాడు. "ఏందయ్యా ఇది? లాగుడు పెరుగుతదంటివి!"

అందరి కళ్లూ నా మీదే. నా బుర్రలో ఒకే ఒక్క బొమ్మ మెదిలింది, టైరుకేసి కొడుతున్న ఫిల్టరు.

"ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టిండు సేటూ. బొక్క పడ్డది. దుబ్బంత ఇంజన్లకు పోయింది" అన్నాను, పెద్ద డ్రైవర్ వైపు చూపిస్తూ.

ఆయన ముఖం చిన్నబోయింది. "ఒక్కపారి కొట్టిన. మీరు తిట్టిన్రు. మల్ల కొట్టలె సాబ్."

"అబద్ధం! కొట్టకుంటె గిట్లెందుకయితది?"

"మీరు సూసిన్రా, మల్ల కొట్టంగ?"

"సూడాల్నా? ఇంజన్ చెప్తలేదా?"

సేటు ఇక ఆలోచించలేదు. "రేపటి సంది బండి దిగు. క్రషర్ కాడ రాళ్లు ఏరు, పో" అన్నాడు.

ఆయన మొలతాడు ముడి విప్పి, తాళంచెవి తీసి, విప్పిన ఇంజను పక్కన బల్ల మీద పెట్టాడు. నేనే గెలిచినట్టు నిలబడ్డాను. అంతటితో ఊరుకోకుండా, "రేపు అందరి ముంగట సూపిస్త బొక్క. అప్పుడు ఒప్పుకుంటవ్" అన్నాను కూడా.

ఫిల్టరులో చిల్లు ఉందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. చీకటి గదిలో ఫిల్టరు లోపల బల్బు వెలిగించి చుట్టూ తిప్పాలి. చిల్లుంటే అక్కడ వెలుతురు చుక్కలా మెరుస్తుంది. మర్నాడు పదింటికి మా సామాన్ల గది కిటికీకి గోనెసంచులు కట్టించాను. డ్రైవర్లు, కంప్రెషర్ ఆపరేటర్, కాటా గుమస్తా, సేటు, అందరూ లోపలికి దూరారు. పెద్ద డ్రైవర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల వేడి, చెమట, డీజిల్ వాసన. నేను గొంతు సవరించుకుని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, కాగితం, మడతలు, సూది మొన గురించి. తర్వాత వైరు చివరి బల్బును ఫిల్టరులో దించి వెలిగించాను.

మెల్లగా తిప్పాను. ఏమీ కనబడలేదు.

మళ్లీ తిప్పాను. కాగితం అంతా లేత పసుపు రంగులో, దేవుడి గుడిలో కందిలి అద్దంలా, ఒకే తీరుగా వెలిగింది. చుక్క లేదు.

"జెర తొందరగ సాబ్, ఉడుకుతున్నం" అన్నాడు వెనక నుంచి ఎవరో, పెద్ద డ్రైవర్ గొంతును అనుకరిస్తూ. కిసుక్కుమని నవ్వులు.

బల్బు చిన్నదేమోనని పెద్దది పెట్టించాను. ఇంకా ప్రకాశంగా వెలిగింది, అంతే. కంప్రెషర్ ఆపరేటర్ ముందుకు వంగి, మడతల మీద వేలు రాస్తూ చూసి, "బిల్కుల్ అచ్ఛా హై సాబ్. నయా జైసా" అన్నాడు, కొత్తదానిలా ఉందని చెప్పి నన్ను సంతోషపెడుతున్నాననుకుని.

"ఏమాయె ఫోర్మన్? ఏడున్నది బొక్క?" అన్నాడు సేటు.

చెమట కళ్లల్లోకి కారుతుంటే బల్బు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అప్పుడు తలుపు దగ్గర నుంచి ఆయన గొంతు వినబడింది. "సాబ్, జెర బయటికొస్తరా? ఒకటి సూపిస్త."

అందరం వెలుతురులోకి వచ్చాం. ఎర్రమూతి ఇంజను విప్పి ఉంది కాబట్టి, కొత్త ఫిల్టరు పెట్టిన మరో బండిని స్టార్ట్ చేయించాడు. కొంచెం రేసు ఇచ్చి పట్టుకోమని దాని డ్రైవర్‌కు చెప్పాడు. తర్వాత జేబులోంచి బీడీ తీసి వెలిగించి, ఒక దమ్ము లాగాడు. ఫిల్టరు డబ్బా మూత అంచుల వెంట పొగ వదిలాడు. పొగ గాలిలోకి తేలిపోయింది. మరో దమ్ము లాగి, గొట్టం పొడుగునా వదిలాడు. అదీ తేలిపోయింది. చివరికి బానెట్ ఎత్తి, లోపలికి వంగి, నేను ట్యూబు ముక్క చుట్టిన అతుకు దగ్గర మెల్లగా ఊదాడు.

పొగ తేలలేదు. సన్నటి తాడులా సాగి, రబ్బరు కిందికి దూరి మాయమైంది. ఎవరో లోపల కూర్చుని దమ్ము లాగినట్టే ఉంది.

"మల్ల సూడుర్రి" అని ఇంకోసారి ఊదాడు. మళ్లీ అంతే.

నేను వంగి చూశాను. పైనుంచి చూస్తే ట్యూబు చక్కగా ఉంది. వేలు పెట్టి అడుగు వైపు తడిమితే తెలిసింది. ఇంజను వేడికి రబ్బరు మెత్తబడి, లోపలి గుంజుడుకు అంచు ముడుచుకుపోయి, వేలు పట్టేంత సందు. పైన మనిషెత్తు డబ్బా, చాపంత కాగితం, తెల్ల పెయింటు హెచ్చరిక, అన్నీ ఉన్నాయి. ఇంజను మాత్రం కింది సందులోంచి, టైర్లు లేపిన దుమ్మును హాయిగా పీలుస్తోంది. ఎర్రమూతి గొట్టం విప్పి చూశాం. అతుకుకు ఇవతల, డబ్బా వైపు, శుభ్రం. అవతల, ఇంజను వైపు, వేలు పెట్టి తీస్తే ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తటి బూడిదరంగు దుమ్ము.

"కూత డబ్బల నుంచి వస్తలేకుండె సాబ్. కింది నుంచి వస్తుండె. పొద్దు మాపు విన్న" అన్నాడాయన. ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో నా నాలుక చివరికి వచ్చిన మాట, 'రబ్బరు నాసిరకం సేటూ' అని. ఆ మాట వినడానికి సేటు సిద్ధంగానే ఉన్నాడు. ట్యూబు ముక్కకు నోరు లేదు, ఎదురు చెప్పదు. కానీ పక్కనే ఆయన బీడీని నేల మీద నలుపుతూ తల వంచుకుని నిలబడ్డాడు, నా ముఖం చూడకుండా. నేను ఏ మాట చెప్పుకున్నా కాదనకుండా నాకు దారి ఇస్తున్నట్టుగా. అది భరించలేకపోయాను.

"తప్పు నాది సేటూ" అన్నాను. "అతుకు నేనే తప్పుగ పెట్టిన. అన్న రెండో వారంలనే చెప్పిండు, నేను వినలె. ఇంజన్ నేను ఖరాబ్ జేసిన. నిన్న అన్నను అనరాని మాటలన్న."

సేటు నన్ను, ఆయన్ను, ఇంజనును మార్చి మార్చి చూశాడు. "అయితె ఇప్పుడు రాళ్లు ఏరనీకి నిన్ను పంపాల్నా?"

"పంపుర్రి" అన్నాను.

పెద్ద డ్రైవర్ తల ఎత్తాడు. "వద్దు సేటూ. ఈ సాబ్‌ను పంపితె క్రషర్ గుడ ఖరాబ్ జేస్తరు."

ముందు కంప్రెషర్ ఆపరేటర్ నవ్వాడు, పూర్తిగా అర్థం కాకపోయినా. తర్వాత అందరూ. సేటు ఆపుకోలేక దగ్గుతూ నవ్వాడు. నవ్వుల మధ్య నేను బల్ల మీది తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మొలతాడుకు రెండు ముళ్లు వేసి కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాణిగంజ్ దుకాణం తెరవకముందే దాని మెట్ల మీద కూర్చున్నాను. రబ్బరు వంపులు ఆరు తెచ్చాను, ఒక్కోదానికి రెండు వైపులా రెండేసి క్లిప్పులు. మిగతా రెండు బండ్లకు ముందు మార్చాం. అదృష్టం, వాటిలో బీడీ పొగ పీల్చిన బండి అప్పుడప్పుడే దుమ్ము పీల్చడం మొదలుపెట్టింది, ఇంకోటి గట్టిగానే ఉంది. ఎర్రమూతి ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ కొత్తవి. డ్రైవర్‌కు ఆ రోజుల్లో పని లేదు, ఇంటికి పోవచ్చు. పోలేదు. పది రోజులు నా పక్కనే గొంతుక్కూర్చుని నట్లు కడిగాడు. మధ్యాహ్నం ఆయన డబ్బాలోని జొన్నరొట్టె, నా డబ్బాలోని అన్నం పంచుకునేవాళ్లం. క్షమాపణ మళ్లీ చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ, "జెర ఆ పానా ఇయ్యుర్రి" అని మాట మార్చాడు.

అప్పటి నుంచి మా షెడ్డులో ఏ బండికి అతుకు వేసినా బీడీ పరీక్ష తప్పనిసరి. నాకు బీడీ అలవాటు లేదు. అయినా చొక్కా జేబులో రెండో పెన్ను తీసేసి బీడీకట్ట పెట్టుకోవడం మొదలుపెట్టాను. బట్టలు ఉతికేటప్పుడు మా ఆవిడ చేతికి చిక్కింది.

"గిదేంది?" అంది, కట్టను రెండు వేళ్లతో పట్టుకుని.

"ఇంజనుకు."

"ఇంజన్ బీడీ తాగుతదా?"

"తాగకుండ సూస్తందుకే" అన్నాను. ఆమె నమ్మలేదు. పెద్ద డ్రైవర్ మా ఇంటికొచ్చి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. అప్పుడు కూడా సగమే నమ్మింది.

కొత్త ఇంజనును మొదటి వారం సగం లోడుతో మెల్లగా నడిపించాం. నిండు లోడు వేసే రోజు వచ్చింది. నేను గుంత పైన నిలబడి చూద్దామని బయల్దేరుతుంటే ఆయన పిలిచాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా వైపు చాచాడు.

"జెర ఇయ్యాల మీరు నడుపుర్రి సాబ్. నేను క్లీనర్ సీట్ల కూసుంట."

"నేనా? నిండు లోడు మీద నేనెప్పుడు గుంత ఎక్కియ్యలె అన్నా!"

"ఎరుకే. చేసిన తప్పుకు జుర్మానా అనుకోర్రి."

అది ఆయన ఎవరికీ ఇవ్వని సీటు. నాకు ఇస్తున్నాడు. కాదనడం ఎలా? ఎక్కి కూర్చున్నాను.

"బూట్లు ఇప్పుర్రి. బూట్లుంటె కాలికి ఏం ఎరుకయితది?" అన్నాడు.

బూట్లు విప్పాను. మొదటి లోడుకే పరువు పోయింది. మలుపు దగ్గర గేరు మార్చడం ఆలస్యం చేశాను, బండి ఆగిపోయింది. వెనక్కి జారుతుందేమోనని బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి నిలబడ్డంత పని చేశాను. ఆయన కిందికి దూకి వెనక చక్రం కింద రాయి పెట్టి, మళ్లీ ఎక్కి, ఏమీ జరగనట్టు తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. నా వెనక మూడు బండ్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆరేళ్లుగా 'క్లచ్చు అరగదీస్తున్నరు' అని నేను తిట్టిన డ్రైవర్లందరూ ఆ హారన్లతో తృప్తిగా బదులు తీర్చుకున్నారు.

"కండ్లతోని కాదు సాబ్. నడుంతోని ఇనుర్రి" అన్నాడాయన. "బండి బరువైతాంటె ముందుగాల సీటు చెప్తది. సప్పుడు ఎన్కకొస్తది."

రెండో లోడుకు నాకేమీ తెలియలేదు. మూడోదానికి, మలుపుకు ముందు, నడుము కింద ఏదో సన్నగా వణికినట్టు అనిపించింది. ఇంజను మోత ఇంకా మారలేదు. "ఇప్పుడే!" అన్నాడాయన. గేరు వేశాను. బండి తడబడకుండా ఎత్తుకుంది. నాలుగో లోడుకు ఆయన ఏమీ చెప్పలేదు. మలుపులో సెకండు గేరు పడిపోకుండా నిలబడింది. నిండా రాళ్లతో, కడుపునిండా గాలితో, ఎర్రమూతి పైదాకా ఒకే ఊపున వచ్చింది. పైకి రాగానే నేను చిన్నపిల్లాడిలా కేక వేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంటున్నాడు. నా చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. అప్పటికే పొద్దుగూకింది. ఆలోపు మిగతా బండ్లు నాకు రెట్టింపు లోడ్లు దింపాయి.

కాటా దగ్గర గుమస్తా ఆ రోజు ఏ బండి ఎన్ని లోడ్లు తెచ్చిందో కాగితం మీద రాసుకుంటున్నాడు. ఎర్రమూతి దగ్గరికి వచ్చి, "డ్రైవర్ పేరు ఎవరిది రాయాలె?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పెద్ద డ్రైవర్ అందుకున్నాడు.

"కొత్త డ్రైవర్ అని రాయి."

మర్నాడు పొద్దున సేటు ఆ కాగితం చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ పిలిపించాడు. రేకుల నీడలో కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. గొంతు రోడ్డు దాకా వినబడుతోంది.

"కొత్త ఇంజన్ ఏసినం. కొత్త ఫిల్టర్ పెట్టినం. ఎర్రమూతి బండి నిన్న నాలుగే లోడ్లు తెచ్చింది! ఎవడయ్యా ఈ కొత్త డ్రైవర్? ఎవడు పెట్టుకున్నడు వాన్ని? ఇప్పుడే తీసెయ్యుర్రి!"

నేను కిందికి చూశాను. పెద్ద డ్రైవర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"జెర నేర్సుకుంటున్నడు సేటూ. మనిషి మంచోడే, పనోడే. ఉండనియ్యుర్రి."

సేటు ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. నా ముఖంలోకి చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. నీ జమానత్ మీద ఉంచుతున్న. ఏమన్నయితె నువ్వే పూచీ" అన్నాడు.

ఆ జమానత్ మీద నేను ఆ క్రషర్‌లో ఇంకో పదకొండేళ్లు పనిచేశాను.